ముప్పై ఏడు పక్కన సున్నా

నా భార్య పోయిన నెల ఒక గురువారం చనిపోయింది. ఆ రోజు ఉదయం ఆరింటికి లేచింది. మొహం కడుక్కుంది. అర గ్లాసు జావ తాగి మిగతాది పక్కన పెట్టింది. తొమ్మిదికి నర్సు వచ్చి నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి వెళ్ళింది. పదిన్నరకు, "ఆ కర్టెన్ జర పక్కకు జరుపు సారూ" అంది. జరిపాను. మా ఇంటి కిటికీలోంచి హఫీజ్‌పేట్ స్టేషన్‌కు వచ్చే రైళ్ళు కనిపిస్తాయి. "చాలు" అంది. తర్వాత మాట్లాడలేదు. పన్నెండు దాటాక ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. ఒంటిగంటా పది నిమిషాలకు తర్వాతి ఊపిరి రాలేదు. వస్తుందేమోనని నేను కొంతసేపు కూర్చున్నాను.

ఏడు నెలల జబ్బు. క్లోమంలో క్యాన్సర్. వైద్యులు చేయగలిగినవన్నీ చేశారు. ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

పలకరించడానికి వచ్చినవాళ్ళలో చాలామంది ఆమె ఏం ఉద్యోగం చేసేదని అడిగారు. "కంప్యూటర్ పని" అని చెప్పి ఊరుకున్నాను. అది సరైన జవాబు కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాదాపూర్‌లో ఒక ఆఫీసు ఉంది. అక్కడ ఇద్దరేసి మనుషులు తెర ముందు కూర్చుని ఆస్ట్రేలియా వాళ్ళ ఫుట్‌బాల్ చూస్తారు. మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. మైదానం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. బంతి కూడా అంతే. జట్టుకు పద్దెనిమిది మంది. బంతిని తన్నవచ్చు, పట్టుకోవచ్చు, పట్టుకుని పరుగెత్తవచ్చు. చేత్తో తోటివాడికి అందించాలంటే మాత్రం విసరకూడదు. ఒక అరచేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో కొట్టాలి. తన్నిన బంతి గోలు స్తంభాల మధ్య నుంచి పోతే ఆరు పాయింట్లు, పక్క నుంచి పోతే ఒకటి. ఎవరు తన్నారు, ఏ కాలితో తన్నారు, ఎవరు పట్టారు, ఇదంతా ఆట నడుస్తుండగానే కంప్యూటర్‌లోకి ఎక్కాలి. ఒకరు చూసి చెబుతారు. ఒకరు టైపు చేస్తారు. బంతి మీద పడిన ప్రతి చేతినీ, ప్రతి కాలినీ వాళ్ళు టచ్ అంటారు. ఆటగాడి పేరు పక్కన కనిపించే అంకెలన్నీ అలా వచ్చినవే.

నా భార్య చూసి చెప్పే మనిషి. పదమూడేళ్ళు ఆ పని చేసింది. ఆ దేశం ఎప్పుడూ వెళ్ళలేదు.

ఆమెది వనపర్తి దగ్గర ఊరు. లెక్కలతో బీఎస్సీ చదివింది. నాది అనంతపురం. పాలిటెక్నిక్‌లో సర్వేయింగ్ చెబుతాను. పెళ్ళైన కొత్తలో ఎగతాళికి సార్ అని పిలిచింది. అదే ఉండిపోయింది. ఆ ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి, "సారూ, గిది ఆటనా కొట్లాటనా? ఒకడు కింద పడ్డడు, వాని మీద నలుగురు పడ్డరు, అంపైర్ ఏమో సప్పుడు జెయ్యడు. నాకైతే ఏం సమజ్ కాలే" అంది. రెండు నెలలు తిరిగేసరికి అంపైర్ తప్పులు పట్టడం మొదలుపెట్టింది.

మార్చి నుంచి సెప్టెంబరు దాకా శనాదివారాలు మాకు ఉండేవి కావు. అక్కడ మధ్యాహ్నం రెండైతే ఇక్కడ తొమ్మిదిన్నర. ఏడున్నర రైలుకు వెళ్ళిపోయేది. ఆట ఉన్న రోజు పొద్దున్నే ఫోన్ చూసేది కాదు, పేపర్ చదివేది కాదు. కళ్ళు వాడకూడదట. చన్నీళ్ళతో రెండుసార్లు కడుక్కుని, కూరలో ఉప్పు కూడా నన్నే చూడమనేది. కళ్ళకూ ఉప్పుకూ సంబంధం ఏమిటని అడిగితే, "నాకు ఆట ముంగట ఏ ఆలోచన పెట్టకు" అనేది.

ఒకసారి కళ్ళజోడు మర్చిపోతే తీసుకెళ్ళాను. గేటు దగ్గర ఇచ్చేసి రావాలి. ఆరోజు గేటు పక్క గది తలుపు తెరిచి ఉండడం వల్ల ఆమె పనిచేస్తుంటే విన్నాను. పక్కన టైపు చేసే ఆమెది బోరబండ. ఈమెను అక్కా అంటుంది.

"ఇరవై రెండు, కుడికాలు. తొమ్మిది పట్టిండు. తొమ్మిది, చెయ్యి. జారింది. ఎవలది, ఎవలది?"

"నన్నడుగుతవేందక్కా, చూసేది నువ్వు!"

"నీ కండ్లేం జేస్తున్నయే?"

"కీబోర్డు మీదున్నయ్ తల్లీ. దేవుడు నాకు నాలుగియ్యలే."

"పద్నాలుగు. రాయి, రాయి. పద్నాలుగు, ఎడమకాలు. ఇగ పోయింది బయటకు."

రెండు గంటల పైగా అలా నడుస్తుంది. మధ్యలో మూడు విరామాలు. టీ అప్పుడే. ఇంటికొచ్చాక గొంతు బొంగురుపోయి ఉండేది. మిరియాల చారు పెట్టడం నేను అందుకే నేర్చుకున్నాను.

ఆ చూపు ఆఫీసులోనే ఆగలేదు. కూరల బజారులో, "ఆ పాలకూర ఆమెది ఎడమ చెయ్యి, చూసినవా?" అనేది. పెళ్ళి వీడియోలో ఒక మోచెయ్యి తెరలోంచి దాటిపోతే అది ఎవరిదో చెప్పేది. ఒక ఏడు వానలకు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నీళ్ళు నిండాయి. తర్వాత మీటింగ్ పెట్టి, రెండు రోజులు కష్టపడి నీళ్ళు తోడించారని అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడికి శాలువా కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా భార్య లేచి నిలబడింది.

"మంచిగనే ఉన్నది గని, బకెట్లతోని తోడింది వాచ్‌మన్ వాళ్ళామె. నేను బాల్కనీల నుంచి చూసిన. శాలువా ఆమెకు గూడ కప్పుండ్రి."

అధ్యక్షుడు నవ్వుతూ, "అమ్మా, అది ఆమె డ్యూటీ కదండీ" అన్నాడు.

"మరి మీరు జేసింది ఏందండి?"

ఆ తర్వాత చాలాకాలం లిఫ్ట్‌లో మాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. ఆమెకు ఫికర్ లేదు. నాకు ఇబ్బందిగా ఉండేది. ఇప్పుడు ఆ మాట ఒప్పుకోవడం తేలిక.

ఆమె ఎందుకు అలా అయిందో నాకు తెలుసు. ఆమె చేసిన ఒక తప్పు వల్ల అయింది.

చేరిన నాలుగో ఏడు, జూలైలో ఒక శనివారం. అక్కడ చలికాలం, వాన. ఒక జట్టులో ముప్పై ఏడో నంబరు కుర్రవాడికి పందొమ్మిదేళ్ళు. అదే అతని మొదటి ఆట. అదనపు ఆటగాడు కాబట్టి ఆకుపచ్చ బనియన్ వేసుకుని గీత బయట కూర్చున్నాడు. చివరి పది నిమిషాలకు లోపలికి పంపారు. అప్పటికే మైదానమంతా బురద. చొక్కాల మీద నంబర్లు కనబడటం లేదు.

ఎవరు తాకారో తేలని టచ్‌లను అప్పటికి పక్కన పెట్టి, ఆట అయ్యాక మళ్ళీ చూసి తేలుస్తారు. దానికి నలభై నిమిషాలు ఇస్తారు. ఆ రోజు అలాంటివి పదకొండు మిగిలాయి. అన్నీ తేల్చింది, ఒక్కటి తప్ప. గుంపులోంచి ఒక చెయ్యి బంతిని బయటకు కొట్టింది. చెయ్యి తప్ప ఇంకేమీ కనబడటం లేదు. అలాంటప్పుడు ఆఫీసులో అందరూ చేసేది ఒకటి ఉంది. ఆ చోట మామూలుగా ఎవరుంటారో వాళ్ళకు రాసేస్తారు. ఆ జట్టులో ఎనిమిదో నంబరు పేరున్న ఆటగాడు. బంతి ఎక్కడుంటే అక్కడ ఉంటాడు. ఎనిమిది అని రాసింది. ఎప్పుడూ రాసినట్టే.

నాలుగు రోజుల తర్వాత వేరే పని మీద అదే ఆటను గోలు వెనక కెమెరా నుంచి చూస్తుంటే ఆ చెయ్యి ఎవరిదో కనిపించింది. ఎనిమిదోవాడు గుంపుకు ఇవతల, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కొట్టింది ముప్పై ఏడు.

వెంటనే వాళ్ళ టీమ్ లీడ్ దగ్గరకు వెళ్ళింది. కాకినాడ వైపు మనిషి, మంచివాడే. "మూడో రోజుకి రికార్డు లాకైపోద్దండి మేడమ్. ఇప్పుడు తెరిస్తే పైవాళ్ళకి నేను చెప్పుకోవాలి. ఒక్క టచ్చేగా. వచ్చేవారం ఆ కుర్రాడు ఇరవై కొడతాడు, మీరే రాద్దురుగాని" అన్నాడట. ఆమె కూడా అలాగే అనుకుంది.

వచ్చేవారం జాబితాలో ముప్పై ఏడు లేదు. ఆ పై వారం లేదు. కింది స్థాయి పోటీలకు పంపారు. వాటిని వీళ్ళ ఆఫీసు చూడదు. ఆమె ఇంట్లో ఫోన్‌లో వెతికేది. ఆగస్టులో మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్. మరుసటి ఏడంతా ఆడలేదు. ఆ తర్వాతి ఏడు చివర క్లబ్బు వదిలేసిన వాళ్ళ పేర్లు వచ్చాయి. అందులో అతనిది ఉంది.

అంతే ఆ కుర్రవాడి కెరీర్. కాంట్రాక్టు మూడు సీజన్లు, ఆట ఒక్కటి, మైదానంలో పది నిమిషాలు. చాలామంది ఆటగాళ్ళది ఇంతేనని ఆమె చెప్పేది. టీవీలో మనకు తెలిసేవాళ్ళు కొందరే. జాబితా కింది వరుసల్లో ఉండి, తెల్లవారుజామున లేచి, బరువులెత్తి, దెబ్బలు తగిలించుకుని, ఎవరికీ తెలియకుండా వెళ్ళిపోయేవాళ్ళు ఎక్కువ. ఆటగాళ్ళ వివరాల పేజీలో అతని పేరు ఇప్పటికీ ఉంది. ఆటలు ఒకటి. తన్నినవి సున్నా. పట్టినవి సున్నా. చేత్తో ఇచ్చినవి సున్నా.

ఆ పేర్లు వచ్చిన రోజు ఆమె వంటింట్లో బీరకాయలు చెక్కు తీస్తోంది. చెప్పింది. నేను ఓదార్చాలనుకున్నాను. నాకు తెలిసిన విద్యలోంచి చెప్పాను. సర్వేలో ఊరంతా కొలిచి మొదలుపెట్టిన చోటికే తిరిగొస్తే లెక్క కొంచెం తేడా వస్తుంది. ఎప్పుడూ వస్తుంది. ఆ తేడాను అన్ని బిందువులకూ తలా కాస్త పంచేస్తాం. ఎవరికీ తెలియదు, ఎవరికీ నష్టం లేదు.

ఆమె పీలర్ కింద పెట్టింది.

"గా పోరనికి ఉన్నదే ఒక్కటి. ఎవలకు పంచుతవ్ సారూ?"

నేను ఊరుకుంటే బాగుండేది. "ఒక్క అంకె. ఎవరు చూస్తారు?" అన్నాను.

"వాళ్ళమ్మ చూస్తది."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "నువ్వన్నది తప్పని కాదు. నీ లెక్కల మనుషులు లేరు, గంతే" అంది. అప్పుడు చెప్పవలసింది, తప్పు నాదేనని.

ఆ తర్వాత ప్రతి మార్చిలో, సీజన్ మొదలయ్యే ముందు, దిద్దుబాటు ఫారం పెట్టేది. ఫలానా ఆట, ఫలానా నిమిషం, ఫలానా కెమెరా. ఎనిమిదికి ఒకటి తగ్గించి ముప్పై ఏడుకు ఒకటి కలపాలి. ప్రతిసారీ ఒకే జవాబు. ప్రాముఖ్యం తక్కువ, మార్పు అవసరం లేదు. లీడ్‌లు మారారు, జవాబు మారలేదు. మాకు పిల్లలు లేరు కాబట్టి ఆ కుర్రవాడి మీద మనసు పెట్టుకుందని మా బంధువుల్లో ఒకరు అన్నారు. ఆ మాట ఆమె చెవిన పడింది. "పది మంది పిల్లలున్నా గా టచ్ వానిదే" అంది.

గుంపులో చెయ్యి మాత్రమే కనబడినప్పుడు, ఆమె ఇక ఎప్పుడూ పేరున్నవాడికి రాయలేదు. తేలకపోతే తేలలేదనే రాసేది. దానివల్ల ఆమె జంటకు ఆఫీసులో మార్కులు తగ్గేవి. బోరబండ ఆమె విసుక్కునేది. అయినా జంట మార్చుకోలేదు.

ఈ మార్చిలో నా భార్య మంచం మీద ఉంది. బోరబండ ఆమె చూడటానికి వచ్చింది.

"ఫారం పెట్టినవా?" అని అడిగింది నా భార్య.

"అక్కా, ఇప్పుడు గూడనా?"

"ఇప్పుడే మంచిగ టైమున్నది నాకు. నువ్వు రాయి, నేను చెప్త."

"ఎప్పటికీ నువ్వు చెప్పుడే, నేను రాసుడేనా?"

"నీకు నాలుగు కండ్లు లేవుగద."

ఇద్దరూ నవ్వారు. నవ్వితే నా భార్యకు నొప్పి వచ్చేది. చెయ్యి పొట్ట మీద పెట్టుకుని నవ్వింది. ఫారం వెళ్ళింది.

పదకొండో రోజు కర్మ అయ్యాక బోరబండ ఆమె మళ్ళీ వచ్చింది. జవాబు వచ్చిందట. పాత సీజన్ల రికార్డులన్నీ కొత్త సిస్టంలోకి మార్చేశారు. ఇక వాటిలో దిద్దుబాట్లు ఉండవు. ఆ ఫారమే తీసేశారు.

"అక్క ఉన్నప్పుడు రాలే. గదే మంచిగైంది" అంది.

నేను ఒకటి అడిగాను. ఇన్నేళ్ళూ ఆఫీసుకే ఎందుకు రాసింది? ఆ కుర్రవాడికే ఒక మాట రాసి ఉండవచ్చు కదా?

"రాయొద్దు సార్. చేరిన్నాడే సైన్ వెట్టిచ్చుకుంటరు. ఆటగాళ్ళకు ఫోన్ చెయ్యొద్దు, మెయిల్ పెట్టొద్దు. బెట్టింగోళ్ళ భయం. ఉద్యోగం ఇడిసిపెట్టినా గంతే." లేవబోతూ చెప్పింది. "అక్క గా పోరనికి మెయిల్ శానసార్లు టైపు జేసింది. జేసి తీసేసేది. మాటిచ్చిన గదనే, అనేది."

ఈ సంగతి నాకు తెలియదు. ఈమె పక్కనే కూర్చుని టైపు చేసి, తీసేసి, ఇంటికొచ్చి నా మిరియాల చారు తాగేదన్నమాట.

ఆమె మాట ఇచ్చింది. నిలబెట్టుకుంది. నేను ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. ఏ కాగితం మీదా సంతకం చేయలేదు.

ఆ పాత ఆట ఎవరైనా చూడగలిగేదే, ఇంటర్నెట్‌లో ఉంది. చూశాను. మొదటి రోజు నాకు ఏమీ కనబడలేదు. బురద, చొక్కాలు, గుంపు. మూడో రోజుకు బంతిని చూడటం మాని చేతులు చూడటం వచ్చింది. ఆ వీడియో చివర గోలు వెనక కెమెరా ముక్క కూడా కలిపి పెట్టారు. అక్కడ ఆపి, ఒక్కో ఫ్రేము జరిపి చూశాను. నా భార్య చెప్పింది నిజం. ఆమె చెప్పింది నిజమని తెలుసుకోవడానికి నేను ఇన్నేళ్ళు తీసుకున్నాను. ఆమె పక్కన కూర్చుని ఒక్క సాయంత్రం చూసి ఉంటే సరిపోయేది. ఎప్పుడూ అడగలేదు. ఆమె కూడా మొదట్లో ఒకసారి చూడమంది, రెండోసారి అనలేదు.

అతను ఇప్పుడు ఒక చిన్న ఊళ్ళో ఉన్నాడు. అక్కడి క్లబ్బు పేజీలో పిల్లలకు ఆట నేర్పేవాళ్ళ ఫోటోలో కనిపించాడు. జుట్టు పలచబడింది. ఆ క్లబ్బుకు తపాలా చిరునామా ఉంది. ఊరి పేరూ అతని పేరూ ఇక్కడ రాయను.

పంపాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను. అతనికి ఇది గుర్తు లేకపోవచ్చు. గుర్తు చేస్తే బాధ కలగవచ్చు. ఎవరో ముసలివాడు హైదరాబాదు నుంచి పదేళ్ళనాటి సంగతి రాశాడని నవ్వుకోవచ్చు. కానీ నాకు ఇంకొకటి కూడా తోచింది. అతనికి తెలిసే ఉంటుంది. ఆ బంతిని తాను తాకానని అతనికి బాగా తెలుసు. ఎవరికో చెప్పి ఉంటాడు. వాళ్ళు ఫోన్ తీసి సున్నా చూపించి ఉంటారు.

ఉత్తరం ఇంగ్లీషులో రాశాను. చిన్నదే. తెలుగులో ఇలా ఉంటుంది:

"మీకు నేను తెలియదు. మీ ఏకైక ఆటలో మీ పేరు పక్కన సున్నా ఉంది. అది తప్పు. చివరి విరామం తర్వాత, వానలో, మీ జట్టు కొట్టాల్సిన గోలుకు ఎడమవైపు, ఆరుగురి కింద బంతి ఇరుక్కుపోయింది. మీరు మోకాళ్ళ మీద ఉన్నారు. బంతిని ఎడమ అరచేతిలోకి లాక్కుని కుడి పిడికిలితో బయటకు కొట్టారు. నియమం ప్రకారమే కొట్టారు, విసరలేదు. అది మీ జట్టువాడికి చేరింది. అతను తన్నితే గోలు స్తంభం పక్కనుంచి వెళ్ళి ఒక పాయింటు వచ్చింది. అప్పుడు అందరూ అటు చూశారు. మీరు ఇంకా మోకాళ్ళ మీదే ఉండి, చేతులు నిక్కరుకు తుడుచుకున్నారు. ఆ టచ్ మీది. దాన్ని వేరేవాళ్ళకు రాసింది నా భార్య. తప్పని గుర్తించిందీ ఆమే. సరిచేయాలని తొమ్మిదేళ్ళు ప్రయత్నించింది. కుదరలేదు. ఆమె పోయిన నెల చనిపోయింది. నేను కూడా చూశాను. మీ అమ్మగారు ఉంటే ఆమెకు కూడా చెప్పండి."

రెండుసార్లు చదివాను. ఏమీ కలపలేదు. కవరు అంటించి చిరునామా రాశాను. రేపు శుక్రవారం. ఉదయం పది గంటలకు పోస్టాఫీసు తెరవగానే వెళ్ళి దీన్ని రిజిస్టర్ చేసి పంపుతాను.